పొట్టి లెన్సు

హరిత ఆ కొట్లోకి అడుగుపెట్టిన మొదటి రోజే దామోదర్‌తో పోట్లాడింది.

మదనపల్లెలో టమోటా మార్కెట్టుకు పోయే దారిలో, టీ అంగడి పైన, ఇనుప మెట్లెక్కితే ఒక చిన్న గది. పాత కెమెరాలు కొనడం, బాగు చేయడం, అమ్మడం అక్కడి పని. అల్మారాల్లో ఉన్నవన్నీ పెళ్లిళ్లు తిరిగి తిరిగి అలసిపోయిన కెమెరాలే. పీటల మీద నవ్విన మొహాల్లో ఎన్ని నిజంగా నవ్వాయో వాటికి బాగా తెలుసు. అదృష్టం కొద్దీ వాటికి నోరు లేదు కాబట్టి ఆ వ్యాపారం ఇంకా నడుస్తోంది.

వాటి మధ్య స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చునేవాడు దామోదర్. ఊరు పుంగనూరు. రోజూ బైకు మీద వచ్చి పోతాడు. పెళ్లి వయసు దాటలేదు గానీ, ప్రేమకు మాత్రం కొంచెం ఆలస్యమైనవాడు.

"ఏమప్పా, ఈ కెమెరా ఉండాదా?" అంటూ ఫోన్‌లో బొమ్మ చూపించింది హరిత.

దామోదర్ బొమ్మను చూశాడు. ఆ తర్వాత మనిషిని చూశాడు. రెండోదాన్ని కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"ఉండాది. కానీ నీకియ్యను."

"యాల? దుడ్లు ఎగ్గొట్టే దాని మాదిరి కనపడతాండానా?"

"అది కాదమ్మా. దీంతో ఏం తీస్తావు?"

"పిట్టల్ని. మా పక్క అడవిని. అడవిలో తిరిగేవాటిని."

"అందుకే ఇయ్యనంటాండాను. ఇది పెండ్లి కెమెరా. దీని లెన్సు పొట్టిది. ఎదురుగా నిలబడి నవ్వేవాళ్లనైతే బ్రహ్మాండంగా తీస్తాది. పిట్ట ఎదురుగా నిలబడి నవ్వదు కదా! చెట్టు మీద దాన్ని తీస్తే ఆవగింజంత వస్తాది."

"యూట్యూబులో ఆయప్ప ఇదే మంచిదన్నాడే?"

"ఆయప్ప ఏసీ రూములో పూలకుండీని తీసి సూపిచ్చింటాడు."

"అమ్మేవాడివి అమ్మకుండా పాఠాలు సెప్తావేమప్పా? నేను పనిచేసేది కాలేజీలోనే. పాఠాలు ఆడ శానా వింటాండాను!"

హరిత మదనపల్లె పక్కనున్న అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. సొంతూరు కుప్పం దాటాక అడవి అంచున ఉండే చిన్న పల్లె. వాళ్ల జేజి, తాత ఇంకొకరి చేలల్లో కూలి చేసినవాళ్లు. ఆ ఇంట్లో నెల తిరిగేసరికి జీతం తెచ్చిన మొదటి మనిషి ఆమె. అలాంటి మనిషి తన డబ్బుతో తనకోసం ఒక వస్తువు కొనుక్కుందామని మెట్లెక్కి వస్తే, వీడెవడో ఇయ్యనంటాడు. మెట్లు దడదడలాడేట్టు దిగిపోయింది.

మరుసటి శనివారం అవే మెట్లు మెల్లగా మోగాయి.

"మా కాలేజీలో ఒకరి దగ్గర అదే కెమెరా ఉండాది. అడుక్కోని తీసి సూసినా," అంది గుమ్మంలోనే నిలబడి.

"ఏమైంది?"

"ఆవగింజ కాదప్పా. నువ్వుగింజ."

దామోదర్ నవ్వాడు. ఆమె నవ్వకూడదని పెదవి బిగపట్టింది గానీ, ఆ పెదవి ఆమె మాట వినలేదు.

అప్పుడు అతను అల్మారా అడుగు నుంచి నల్లగా, బొద్దుగా ఉన్న ఒక కెమెరా తీశాడు. "ఇది సూపర్‌జూమ్. దీని లెన్సు విప్పేకి రాదు, మార్చేకి రాదు. సూసేకి ఆటబొమ్మ మాదిరి ఉండాది. కానీ బటన్ నొక్కితే ముక్కు సాచుతాది సూడు, గుట్ట మీది మేకకి గడ్డముండాదా లేదా ఈడ నిలబడి సెప్పొచ్చు. మసక వెలుతురులో బొమ్మ కొంచిం గరుకుగా వస్తాది. అది ఓర్చుకోవాల. పెద్ద కెమెరాకి పెద్ద లెన్సు కొనాలంటే నీ ఏడాది జీతం దానికే పోతాది. మొదటి కెమెరాకి ఇది సాలు."

"అయితే ఇయ్యి."

"ముక్కు ఇరుక్కోని ఉండాది. లోపల పార్టు పోయింది. బెంగుళూరు నుంచి రావాల."

"ఎప్పుడొస్తాది?"

"వచ్చినప్పుడు."

ఆ పార్టు కోసమని ఆమె ప్రతి శనివారం వచ్చేది. ఒక ఫోన్ చేస్తే తెలిసిపోయే సంగతికి బస్సెక్కి రావడమెందుకని ఆమె తనను తాను అడగలేదు. ఒక్క రోజులో బస్సు మీద వచ్చే పార్టుకు అన్ని వారాలు ఎందుకు పడుతున్నాయని అతనూ బెంగుళూరు వాళ్లను గట్టిగా అడగలేదు. మనుషులు తమకు కావలసిన అబద్ధాన్ని బేరమాడకుండానే కొనుక్కుంటారు.

వచ్చినప్పుడల్లా ఏదో ఒక కెమెరా ఇచ్చి మెట్ల మీద నిలబెట్టేవాడు. ఎదురుగా కరెంటు తీగ మీద పచ్చటి పిట్టలు వరసగా కూర్చునేవి.

"మోచేతులు దగ్గరికి పెట్టుకో. ఊపిరి వదిలి నొక్కు."

"నువ్వు ఇంత దగ్గర నిలబడితే ఊపిరి యాడ వదిలేది?"

అతను రెండు మెట్లు కిందికి దిగిపోయేవాడు. చెవులు ఎర్రబడేవి. ఆమె కెమెరాలోంచి పిట్టను చూస్తున్నట్టే నటిస్తూ ఆ చెవులను చూసేది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. రేకుల మీద చినుకులు దబదబా పడుతుంటే మాటలు వినిపించక ఇద్దరూ అరుచుకుంటూ మాట్లాడుకున్నారు.

"మీ పుంగనూరులో ఆవులు పొట్టివంట కదా?"

"అవు! ముద్దుగుంటాయి!"

"మరి మనుషులో?"

"ఏం, నేను పొట్టిగుండానా?"

"మనిషి సరిగ్గానే ఉండావు! ధైర్యమే పొట్టిది!"

సరిగ్గా ఆ మాటకు వాన గక్కున ఆగిపోయింది. ఆమె కేక ఒక్కటే వీధిలోకి వినిపించింది. కింద టీ తాగుతున్నవాళ్లు తలలెత్తి పైకి చూశారు. ఆ రాత్రి దామోదర్‌కు నిద్ర పట్టలేదు.

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, కెమెరాలకు పని లేదు, అతనికి రిపేర్లు ఎక్కువ. ఒక గురువారం పార్టు వచ్చింది. ఆ రోజే మిగతా పనులన్నీ పక్కన పెట్టి సూపర్‌జూమ్‌ను విప్పాడు, బిగించాడు, తుడిచాడు. బటన్ నొక్కితే ముక్కు సాఫీగా సాచింది. మెట్ల మీద నిలబడి మార్కెట్టు గేటు దగ్గర కాటా వేసే మనిషి మీసాన్ని తీశాడు. వెంట్రుక వెంట్రుకగా వచ్చింది. దాన్ని గుడ్డలో చుట్టి డ్రాయర్లో పెట్టుకుని, శనివారం ఆమెతో చెప్పాల్సిన మాటలు కూడా మనసులో చుట్టి పెట్టుకున్నాడు. పొట్టి ధైర్యాన్ని కొంచెం సాగదీసుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆమె సంచితో వచ్చింది. "ఊరికి పోతాండాను. పార్టు వచ్చిందేమో సూద్దామని..." అంటుండగానే ఫోన్ మోగింది.

"ఏమ్మా?" అంది హరిత. అంతలోనే ఆమె మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. "సామి వచ్చినాడా? నిజంగానా?"

దామోదర్ చేయి డ్రాయరు మీదే ఆగింది.

"ఒంటిగానే వచ్చినాడా? మన తోట కాడికేనా? నాయన ఏమన్నాడు? ...భయమేలమ్మా, ఆయన మనల్ని ఎప్పుడన్నా ఒక మాటన్నాడా! పనసకాయలుండాయి కదా, ఆయనకి పనసంటే ప్రాణం. నేనొచ్చేదాకా ఉంటాడా? పోయిన తూరి నేను రాకముందే ఎల్లిపాయె. ఈ తూరి తప్పిపోతే మళ్లీ దొరకడమ్మా... రేపు తెల్లారేసరికి ఆడుంటా."

ఫోన్ పెట్టేసి గాలి పీల్చుకుంది.

"ఎవరు?" అన్నాడు దామోదర్.

"మా సామి అప్పా! చిన్నప్పటి నుంచి తెలుసు. ఎప్పుడొచ్చినా మా తోట కాడికే వస్తాడు."

"ఒంటోడా?"

"ఆ, ఒంటోడే. తనవాళ్లని వదిలేసి వచ్చేసినాడు పాపం."

"మీ ఇంట్లో ఇష్టమేనా?"

"నాయనకి గుబులు. అమ్మయితే కనపడితే సాలు, దండం పెడతాది."

"బాగుంటాడా?" ఈ ప్రశ్న అడుగుతున్నందుకు తనను తానే తిట్టుకుంటూ అడిగాడు.

"ఆ నడక సూడాలప్పా నువ్వు! నడకొక్కటి సాలు!"

ఆషాఢ మాసంలో పెళ్లిచూపులేమిటని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. పనసకాయలు పెట్టి మెప్పించే పెళ్లికొడుకు ఎక్కడుంటాడని అడిగి ఉన్నా సరిపోయేది. కానీ మనసు మండుతున్న మనిషి చెవులతో వినడు, మంటతో వింటాడు.

"ఆయన్ని ఫోటో తీయాలప్పా," అంది హరిత. "వచ్చే వారం దూరంగా తీసకపోతారంట. ఇంక మా పక్కకి రాడు. సూపర్‌జూమ్ అయ్యిందా?"

డ్రాయరు అతని మోకాలికి తగులుతోంది.

"కాలేదు," అన్నాడు దామోదర్. "పార్టు రాలేదు."

ఆమె మొహం వాడిపోయింది. అది చూసి కూడా అతను డ్రాయరు తెరవలేదు. లేచి అల్మారాలోంచి పెళ్లి కెమెరా తీశాడు. మొదటి రోజు ఇయ్యనన్నది అదే. మీట తిప్పి ఆటోలో పెట్టాడు.

"ఇది తీసకపో. ఊరికే వాడుకో. నొక్కితే సాలు, అన్నీ అదే సూసుకుంటాది."

"ఇది పొట్టి లెన్సు కదా?"

"దగ్గరికి పోయి తియ్యి."

"దగ్గరికా?" ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఏమనుకోడా?"

"ఏమనుకుంటాడు? సంతోషపడతాడు. ఎంత దగ్గరికి పోతే అంత బాగొస్తాది."

"ఎగతాళి సేస్తాండావా?"

"కెమెరా సంగతిలో నేనెప్పుడన్నా ఎగతాళి సేసినానా?"

హరిత అతన్ని ఒకసారి తేరిపార చూసింది. "లేదు," అంది. "నువ్వు సెప్తే సరే."

కెమెరాను రెండు చేతుల్తో తీసుకుని, సంచిలో చున్నీ మధ్య జాగ్రత్తగా పెట్టుకుని, మెట్లు దిగిపోయింది.

మరునాడు మధ్యాహ్నం కుప్పంలో పెళ్లి ఫోటోలు తీసే గిరిబాబు వచ్చాడు, చెడిపోయిన ఫ్లాష్ పట్టుకుని. మనిషి లావు, మాట ఇంకా లావు.

"ఏమప్పా దామోదరా, మొహం అట్ల పెట్టుకున్నావు? ఎవరన్నా పోయినారా?"

"ఎవురూ పోలేదు. మీ పక్క సామి అనేవోడు ఎవురన్నా?" దామోదర్ స్క్రూ తిప్పుతూనే అడిగాడు. "బో అందగాడంట. ఆడోళ్లు వాని నడక సూసి మురిసిపోతాండారు."

"ఏ సామి? అయ్యప్ప సామా?"

"కాదు. ఒంటోడంట. పనసకాయలంటే ప్రాణమంట."

గిరిబాబు ఒక్క క్షణం నోరు తెరిచాడు. తర్వాత గది అదిరేట్టు నవ్వాడు.

"ఓరి నీ పాసుగూల! సామి అంటే ఏనుగురా నాయనా! మా పక్క అడివంచు పల్లెల్లో ఏనుగుని ఏనుగని పిలవరు. పేరు పెడితే వచ్చి మీద పడతాదని సామి అంటారు. ఒంటోడంటే మందలోంచి విడిపోయిన మగది. అది మా సెడ్డది, వచ్చే వారం ఫారెస్టోళ్లు పట్టుకోని పోతారంట. దాని దగ్గరికి పోతే..."

దామోదర్ చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి పడింది.

ఎంత దగ్గరికి పోతే అంత బాగొస్తాది.

ఆ మాట తన గొంతుతోనే చెవిలో వినిపించింది. దాని వెనకే ఇంకొకటి గుర్తుకొచ్చింది. కెమెరా ఆటోలో ఉంది. వెలుతురు తగ్గితే దాని నెత్తిన ఉన్న ఫ్లాష్ తనంతట తానే టక్కున పైకి లేచి ధగ్గుమంటుంది. సాయంత్రం పూట, ఒంటి ఏనుగు కళ్లల్లో.

ఫోన్ చేశాడు. కలవలేదు. మళ్లీ చేశాడు. అడవి అంచు పల్లె, అక్కడ సిగ్నల్ దొరకడమంటే వరమే. కుప్పం పోయే లోపల దొరికితే దొరికింది, లేకుంటే లేదు. డ్రాయర్లోంచి గుడ్డ మూటను తీసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి భుజాన వేసుకున్నాడు.

"హరితని, మీ అడివంచు పల్లె పాప. ఆయమ్మ ఊరు నీకు తెలుసా?" అని గిరిబాబును పట్టుకుని దారి అడిగి, కొట్టు అతని మీదే వదిలేసి మెట్లు దూకాడు.

పుంగనూరులో సొంత వీధి మలుపు వచ్చింది. తిరగలేదు. పలమనేరు దాటేసరికి మబ్బు కమ్మింది. ప్రేమికులు గొడుగు కింద నిలబడి మురిసిపోయే వాన కాదది. హెల్మెట్ అద్దం మీద రాళ్లలా కొట్టే వాన. లారీల వెనక బురద తాగుతూ పోయాడు. ఆగినచోటల్లా ఫోన్ చేశాడు. అదే ఆడగొంతు, కలవడం లేదని మూడు భాషల్లో చెప్పింది. మూడు భాషల్లోనూ అతనికి ఒకే మాట వినిపించింది. నువ్వు సెప్తే సరే.

కోపమొస్తే తిట్టి ఉండవచ్చు. ఏడ్చి ఉండవచ్చు. కెమెరా లేదు పొమ్మని ఉండవచ్చు. కానీ తప్పని తెలిసిన వస్తువును తన చేత్తో ఇచ్చాడు. చేతి పని మీద బతికేవాడికి అంతకంటే పెద్ద పతనం లేదు.

కుప్పం దాటి మట్టి రోడ్డు పట్టేసరికి వాన నిలిచింది. పొద్దు కొండ మీదికి ఒరిగింది. పల్లె మొదట్లో నాలుగైదుగురు గుంపుగా నిలబడి తోటల వైపు చూస్తున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు.

"హరిత వాళ్ల ఇల్లు యాడ?" అన్నాడు బైకు ఆపీ ఆపకముందే.

తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన వేలు నోటి మీద పెట్టుకున్నాడు. "గమ్మునుండప్పా. సామి ఆడుండాడు. నేను హనుమంతప్పని. హరిత నా బిడ్డే. నువ్వెవురు?"

"హరిత యాడుండాది?"

హనుమంతప్ప మొహం మబ్బు కంటే నల్లగా ఉంది. "తోటలో గుడిసె కాడి నుంచి సూస్తానని పోయింది. ఇప్పుడు గుడిసె కాడ లేదు. కేకేస్తే సామి బెదురుతాడు. టపాకాయ కాలిస్తే యా పక్కకి తిరుగుతాడో తెలీదు. కాలు సేయి ఆడటం లేదప్పా నాకు."

దామోదర్ హెల్మెట్ నేల మీద పెట్టాడు. "యా పక్క పోయింది?"

"నీకేమన్నా పిచ్చా? నువ్వెవురసలు?"

"నేనే ఆ కెమెరా ఇచ్చినోణ్ణి. అది నొక్కితే మెరుపు మాదిరి వెలుతురు పడతాది. ఆ పాపకి తెలీదు."

ముసలాయన ఒక్క క్షణం అతని కళ్లలోకి చూశాడు. తర్వాత తనే ముందు నడిచి మామిడి తోట మొదలు దాకా వచ్చి, వేలు చూపించాడు. "ఆ గట్టు ఎంబడి పో. గాలి అట్నుంచి ఇట్ల వస్తాండాది, నీ వాసన తగలదు. పరిగెత్తొద్దు. ఏమైనా పరిగెత్తొద్దు."

దామోదర్ వంగి నడిచాడు. తడి ఆకులు చప్పుడు చేయలేదు. మామిళ్లు అయిపోయిన చోట బావి, బావి పక్కన పనస చెట్టు. చెట్టు కింద గుట్టలాంటిది కదిలింది.

ఏనుగు.

అంత పెద్దదాన్ని అతను బొమ్మల్లో తప్ప ఎప్పుడూ చూడలేదు. తొండంతో కాయను తెంపింది. కాలి కింద పెట్టి నొక్కితే పనస పగిలిన చప్పుడు అతని ఎముకల్లో వినిపించింది.

దానికి ఇటువైపు, ఒక లావాటి మామిడి మాను వెనక, హరిత. మోకాళ్ల మీద కూర్చుని ఉంది. రాయి విసిరితే ఏనుగుకు తగిలేంత దగ్గర. కెమెరాలో చూసి, తల అడ్డంగా ఊపి, మాను చాటునే ఇంకొంచెం ముందుకు జరిగింది.

ఇంకా దగ్గరికి పోతోంది. తను చెప్పినట్టే.

పిలవడానికి లేదు. రాయి వేయడానికి లేదు. దామోదర్ బురదలో బోర్లా పడుకుని మోచేతుల మీద పాకాడు. ఆమె మోచేతులు దగ్గరికి పెట్టుకుంది. ఊపిరి వదిలింది. నేర్పింది నేర్పినట్టు చేస్తోంది. వేలు బటన్ మీదికి పోయింది, సగం నొక్కింది.

అతను వెనక నుంచి చేయి చాచి కెమెరా నెత్తిని అరచేత్తో అదిమిపట్టాడు.

ఫ్లాష్ అతని అరచేతి కింద ఎగరలేక ఒకసారి కొట్టుకుని ఆగిపోయింది. హరిత అదిరిపడింది. కేక వేయబోయిన నోరు అతన్ని చూసి తెరుచుకునే ఉండిపోయింది. కానీ అదిరిపాటులో ఆమె కాలి కింద పుల్ల ఒకటి టక్కున విరిగింది.

పనస చెట్టు కింద చప్పుడు ఆగిపోయింది.

చెవులు రెండూ చేటల్లా విచ్చుకున్నాయి. ఏనుగు మెల్లగా ఇటు తిరిగింది. తొండం ఎత్తి గాలిని వెతికింది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. భూమి మోకాళ్లకు చెప్పింది అది ఎంత బరువో.

హరిత వేళ్లు అతని మణికట్టును పట్టుకున్నాయి. మాను వెనక ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ కూర్చున్నారు. ఎవరి గుండె ఎవరిదో తెలియలేదు. పరిగెత్తమని కాళ్లు అంటున్నాయి. వద్దని ముసలాయన మాట అంటోంది.

ఏనుగు నిలబడింది. చూసింది. ఎంతసేపని ఆ ఇద్దరినీ ఎప్పుడడిగినా సరిగ్గా చెప్పలేరు. తర్వాత, ఈ మనుషుల గొడవ తనకెందుకన్నట్టు తొండం దించి, తిరిగి, పగిలిన పనస వైపు నడిచింది. నడక నిజంగానే చూడాల్సిన నడక.

ఇద్దరూ పాక్కుంటూ వెనక్కి వచ్చి, బండరాళ్ల చాటున పడ్డాక హరిత గుసగుసగా విరుచుకుపడింది.

"నువ్వేల వచ్చినావు ఈడికి? నన్ను సంపేద్దామనా?"

"నిన్న సంపేద్దామని ఇచ్చినా. ఈ పొద్దు వద్దని వచ్చినా."

"ఏం మాటది?"

దామోదర్ తల దించుకుని చెప్పాడు. డ్రాయరు సంగతి చెప్పాడు. గురువారమే బాగు చేసిన సంగతి చెప్పాడు. ఫోన్లో విన్నది, అడిగింది, మంటెక్కింది, అన్నీ చెప్పాడు. "సామి అంటే పెండ్లికొడుకు అనుకున్నా."

హరిత కళ్లు గుండ్రంగా అయ్యాయి. "ఆ సామినా?"

"ఒంటోడంటివి. నడక సూడాలంటివి."

ఆమె చున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అవతల ఏనుగు, నవ్వితే ప్రాణం మీదికి వస్తుంది. నవ్వు ఆపుకోలేక కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. అతను భయంతో ఆమె తలను తన భుజానికి అదుముకున్నాడు. కాసేపటికి ఆ కుదుపులు నవ్వువి కావని అతనికి అర్థమైంది.

"కోపమొస్తే తిట్టాల," అంది తలెత్తి, తడి మొహంతో. "ఎవురు సామి అని అడగాల. అంతేగానీ తప్పు వస్తువు సేతిలో పెట్టి పంపిస్తావా? నువ్వు సెప్తే సరే అంటి కదా నేను!"

"అంటివి."

"ఇంకెవురు సెప్పినా నమ్మను కాబట్టి అంటి."

అతను భుజానున్న గుడ్డ మూట విప్పి ఆమె ఒళ్లో పెట్టాడు. "వెలుతురు పోతాండాది. ముందు దీంతో తియ్యి. ఈడ నుంచే అందుతాది. ఫ్లాష్ మూసేసినా, చప్పుడు కూడా తీసేసినా. తర్వాత ఎంత కావాలంటే అంత తిట్టు."

హరిత కెమెరా ఎత్తింది. ముక్కు మెల్లగా సాచింది. బండ చాటు నుంచి, భయం లేనంత దూరం నుంచి, ఏనుగు కన్ను ఆమె కంటి దగ్గరికి వచ్చింది. ముడతల మధ్య తడిసిన చిన్న కన్ను. వెంట్రుకలకు వాన చుక్కలు. బొమ్మ గరుకుగానే వచ్చింది. ఆమె చాలాసేపు తీసింది. ఏనుగు మెల్లగా చీకటి గట్టెక్కి అడవిలోకి కలిసిపోయేదాకా కెమెరా దించలేదు.

దించాక అంది, "నువ్వు నాకు సెప్పాల్సిందేదో నిన్న సెప్పలేదు."

"సెప్పినా కదా, పార్టు వచ్చిందని."

"అది కాదు."

దామోదర్ బురద చేతుల వైపు చూసుకున్నాడు. "నువ్వు లేకపోతే నాకు కొట్టు తెరవబుద్ది కాదు. ఆదివారం నుంచే శనివారం కోసం ఎదురు సూస్తా. నువ్వు నన్ను సేసుకోవాల హరితా. నేను సేసిన పనికి ఇప్పుడు అడిగే హక్కు నాకు లేదు. కానీ అడగకపోతే సచ్చిపోతా."

"సావాల్సిన పని లేదు. ఇంకా కోపముండాది నాకు."

"ఎన్నాళ్లుంటాది?"

"తగ్గేదాకా. ఈడనే ఉండి సూసుకో," అని లేచి నిలబడి, అతను లేవడానికి చేయి ఇచ్చింది.

ఇంటి ముందు ఊరు ఊరంతా ఉంది. తల్లి సావిత్రమ్మ పరిగెత్తుకొచ్చి కూతుర్ని ఒక దెబ్బ కొట్టి, అదే చేత్తో దగ్గరికి తీసుకుని ఏడ్చింది. హనుమంతప్ప చెంబుతో నీళ్లు తెచ్చి దామోదర్ ముందు పెట్టాడు. అతను కాళ్లు చేతులు కడుక్కున్నాడు.

లోపల సంగటి కెలికే వాసన. కంచాలు వేస్తూ సావిత్రమ్మ ఆగింది. బురదలో మునిగి తేలిన ఆ కుర్రవాణ్ణి తల నుంచి కాళ్ల దాకా చూసింది. ఈ దేశంలో ప్రాణం కాపాడినవాడికైనా కంచం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంటుంది. ఆమె నేరుగా అడగలేదు. మొగుడి వైపు చూసింది. మొగుడు కూతురి వైపు చూశాడు.

"ఏమ్మే," అన్నాడు హనుమంతప్ప, గొంతు తగ్గించి. "ఈయప్ప మనోళ్లేనా?"

దామోదర్ చేతిలో చెంబు అలాగే నిలిచిపోయింది. ఏనుగు ముందు కూడా అతని గుండె అంత గట్టిగా కొట్టుకోలేదు.

హరిత కెమెరాను మేకుకు తగిలించి, తండ్రి వైపు తిరిగింది.

"మనోళ్లు కాదు నాయనా," అంది. "మనోడు."

హనుమంతప్ప నేల వైపు చూశాడు. తర్వాత గోడకు ఆనించి ఉన్న పీటను తీసి, తన పీట పక్కన వాల్చాడు.

"నిలబడుకోని ఉండావేల?" అన్నాడు దామోదర్‌తో, మొహం చూడకుండా. "సంగటి సల్లారిపోతాది. రా, కూసో."